అమ్మవారి డిస్కు

మా ఆయన జానీతో కొట్టు నడపడమంటే నా తల ప్రాణం తోకకొస్తుంది. బందరులో కోనేరు సెంటరుకి కాస్త ఇవతల మాది చిన్న కొట్టు. ఇనుము కోసే చేతి మిషన్లు, వాటికి బిగించే డిస్కులు, వెల్డింగు కడ్డీలు, కళ్ళద్దాలు అమ్ముతాం. వేరే కొట్లో అయితే మనిషి వచ్చి కటింగ్ డిస్కు ఇవ్వండి అంటే ఇచ్చి పంపేస్తారు. మా దగ్గర అలా కాదు. ఏం కోస్తావు, ఇనుమా, స్టీలా, అల్యూమినియమా, మిషను ఏ సైజు, డిస్కు మీద గార్డు రేకు ఉందా పీకేశావా అని మొదలెడతాడు. పెళ్ళిచూపుల్లో పిల్లని కూడా అన్ని ప్రశ్నలు అడగరు. గుడివాడ నుంచి వచ్చిన రైసుమిల్లు ఫిట్టరొకాయన బస్సు టైమైపోతోందని గోల పెడుతుంటే, ఈయన ఆయన మిషను మీదున్న అంకె చదివించి, డిస్కు మీదున్న అంకెతో సరిచూసుకుని గానీ వదల్లేదు. బస్సు వెళ్ళిపోయింది. ఇంకో బస్సు వచ్చేదాకా ఆయనకి టీ పోసి కూర్చోబెట్టింది నేను.

ఆ అంకెల సంగతి ఇన్నేళ్ళలో నాకూ వచ్చేసింది. మిషను ఎంత వేగంగా తిరుగుతుందో దాని ఒంటి మీద రాసుంటుంది. డిస్కు ఎంత వేగం తట్టుకుంటుందో డిస్కు మీద రాసుంటుంది. మిషను అంకె పెద్దదైతే ఆ డిస్కు దానికి పనికిరాదు. సన్నటి డిస్కు కోయడానికి, మందపాటిది అరగదీయడానికి. కోసేదాన్ని పక్కకి వాల్చి అరగదీస్తే విరిగి మీదకొస్తుంది. ఇనుము కోసిన డిస్కుతోనే స్టీలు కోస్తే, నాలుగు రోజులు పోయాక ఆ స్టీలు మీద తుప్పు మచ్చలు లేస్తాయి. మన ఉప్పుగాలికి ఆ నాలుగు రోజులు కూడా అక్కర్లేదు. దివిసీమలో రొయ్యల చెరువులవాళ్ళు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ల షాఫ్టులకి ఏది వాడాలో తెలియక మొదట్లో ఎన్ని పాడుచేసుకున్నారో. ఇప్పుడు నాగాయలంక నుంచి కూడా మా కొట్టుకే వస్తారు. విసుక్కుంటూనే వస్తారు. జానీ గారు చెయ్యి పెట్టి ఇచ్చిన డిస్కంటే ఇక చూసుకోనక్కర్లేదు అని వాళ్ళే చెప్పుకుంటారు. మొగుడని కాదు గానీ, ఆ మాట నిజమే.

అందుకే వెంకటపతి కన్ను పోయినప్పుడు మా కొట్టు మొత్తం కుదేలైంది.

వెంకటపతికి గిలకలదిండిలో షెడ్డుంది. పడవలవాళ్ళకి లంగర్లు, చుక్కానులు, ఐసు పెట్టెల ఫ్రేములు చేసిపెడతాడు. సముద్రం మీద బతికే ఇంట్లో పుట్టి, వల వదిలేసి ఇనుము పట్టుకున్న మనిషి. ఆయన భార్య సత్యవతమ్మ హార్బరులో వేలం పాడి చేపలు కొని బందరు మార్కెట్లో అమ్ముతుంది. మా ఆయన్ని తమ్ముడూ అంటుంది కాబట్టి నాకు వదిన. ఆవిడ నోరు హార్బరంతా ఎరిగిందే. వేలం దగ్గర ఆవిడ గొంతు లేచిందంటే మగాళ్ళు పక్కకి తప్పుకుంటారు. నాకంటే నోరున్న ఆడమనిషిని నేను చూసింది ఆవిడనొక్కదాన్నే.

ఒక ఏడాది దసరా వెళ్ళిన మర్నాడు పొద్దున్నే వెంకటపతి లంగరు కొక్కెం కోస్తుంటే డిస్కు ముక్కలు ముక్కలై లేచింది. ఒక ముక్క కళ్ళద్దాన్ని పగలగొట్టుకుని లోపలికి దిగింది. విజయవాడ తీసుకెళ్ళారు. ప్రాణం నిలబడింది, కుడికన్ను దక్కలేదు. ఆ డిస్కు మా కొట్లో కొన్నదే.

ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక సత్యవతమ్మ వదిన మా కొట్టుకొచ్చింది. కొంగున ముడేసుకొచ్చిన డిస్కు ముక్కలు బల్ల మీద పోసింది. నేను తిట్లకి సిద్ధపడి నిలబడ్డాను. ఆవిడ తిట్టలేదు. ఇది ఎందుకు పగిలింది తమ్ముడూ అని మాత్రం అడిగింది. మా ఆయన ఆ ముక్కల్ని పేర్చి గుండ్రంగా చేసి, మధ్యలో ఇనప రింగు మీద గడువు చూశాడు. గడువుంది. వేగం అంకె చూశాడు, సరిపోయింది. గార్డు ఉందా అంటే ఉంది. పక్కకి వాల్చారా అంటే, ఇనుములో తల నెరిసిన మనిషి అలా చేస్తాడా. డిస్కు మీద పసుపూ కుంకం మరకలున్నాయి గానీ, దసరా వెళ్ళాక మన వైపు ఏ డిస్కుకి బొట్టుండదు? చివరికి ఆయన తెలీదక్కా అన్నాడు. ఆవిడ తల ఊపి వెళ్ళిపోయింది. నాలుగు తిట్లు తిట్టి వెళ్ళినా నాకు అంత భయమేసేది కాదు.

అప్పట్నుంచీ మనిషికి అన్నం సయించలేదు. ఆ డిస్కుతో పాటు వచ్చిన పెట్టెలన్నీ అమ్మడం ఆపేశాడు. పెరట్లో ఇసక బస్తాలు అడ్డం పెట్టుకుని ఒక్కొక్క డిస్కూ మిషనుకి బిగించి ఇనుము కోసి చూశాడు. ఒక్కటీ పగల్లేదు. సరుకు వేసేవాళ్ళని అడిగాడు, చేసే కంపెనీకి ఫోన్ చేశాడు. పని చేసినవాళ్ళ పొరపాటై ఉంటుంది అన్నారు వాళ్ళు. నాకు ఆ మాట చాలనిపించింది. కంపెనీవాళ్ళే అంటున్నారు, వాళ్ళ పొరపాటే అని చెప్పెయ్యి, ఊరంతా సాయిబు డిస్కు కన్ను తీసిందని కూస్తోంది అని మొత్తుకున్నాను. ఏ పొరపాటో తెలియకుండా ఒక మనిషి నెత్తిన ఎలా రుద్దుతానే అన్నాడు. నేను రెండ్రోజులు మాట్లాడలేదు. ఆ సంగతి ఆయన గమనించాడో లేదో కూడా నాకు తెలీదు.

ఏడాది తిరిగొచ్చింది. వెంకటపతి మళ్ళీ మిషను ముట్టుకోలేదు. గూడూరులో ట్రాక్టరు ట్రక్కులు చేసే చోట పనిచేస్తున్న కొడుకు వాసు ఆ పని మానుకుని తండ్రి షెడ్డులోకొచ్చాడు. పెళ్ళయినవాడు, చంటిపిల్ల తండ్రి, పనిలో నిదానం ఉన్నవాడు. సత్యవతమ్మ వదిన వద్దంటే వద్దని ఇల్లు పీకి పందిరేసిందట. వాసు వినలేదు. నాన్న కట్టిన షెడ్డు, తాళం వేసి ఎలా చూస్తూ కూర్చోను అన్నాడట.

దసరాకి ముందు ఆవిడ వాసుని వెంటబెట్టుకుని మా కొట్టుకొచ్చింది. పాత మిషను ఇంట్లో ఉండటానికి వీల్లేదని అమ్మేసిందట, కొత్తది కావాలంది. బందరులో ఇన్ని కొట్లున్నాయి, కన్ను పోయిన డిస్కు అమ్మిన కొట్టుకే మళ్ళీ ఎందుకొచ్చిందా అని నేను ముడుచుకుపోయి నిలబడ్డాను. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది.

"తెలీదని చెప్పినవాడివి నువ్వొక్కడివే తమ్ముడూ. మిగతావాళ్ళందరికీ అన్నీ తెలుసు. వీడికి నువ్వే ఏరి ఇవ్వు. నీ సొంత తమ్ముడైతే ఏది ఇస్తావో అదివ్వు."

మా ఆయన ఆ రోజు పొద్దుటిపూటంతా ఇంకో బేరం ముట్టుకోలేదు. మిషన్లన్నీ బల్ల మీద పరిచాడు. వాసు చేత ఒక్కొక్కటీ పట్టించాడు. పెద్దది వద్దన్నాడు, బలం ఎక్కువుంటే పని తొందరగా అవుతుంది గానీ ఇరుక్కున్నప్పుడు మణికట్టు తిప్పేస్తుందన్నాడు. చెయ్యి వదలగానే ఆగిపోయే స్విచ్చి ఉన్నదాన్ని ఏరాడు. పైన స్విచ్చి నొక్కి వదిలేస్తే తిరుగుతూనే ఉండే రకాన్ని పక్కన పడేశాడు. గార్డుని పిడి వైపుకి ఎలా తిప్పుకోవాలో చూపించాడు. కళ్ళద్దాలు చాలవని మొహమంతా కప్పే తొడుగిచ్చాడు. లంగర్లకి ఏ డిస్కు, ఐసు పెట్టె స్టీలుకి ఏ డిస్కు, వెల్డింగు అతుకులు నున్నగా చేయడానికి ఏది, అన్నీ విడివిడిగా కట్టి, స్టీలువి వేరే డబ్బాలో పెట్టుకోమన్నాడు. వాసు ఒక్క ప్రశ్నకీ విసుక్కోలేదు. పడవ అడుగున, నూనె మరకల పక్కన కోయాల్సొస్తే నిప్పురవ్వల మాటేమిటని తిరిగి వాడే అడిగాడు. అలాంటి కుర్రాడు దొరికితే మా ఆయనకి ఇక ఆకలేస్తుందా, మధ్యాన్నం దాకా చెప్తూనే ఉన్నాడు.

వెళ్తూ వెళ్తూ ఆవిడ మమ్మల్నిద్దర్నీ పిలిచింది. దసరా సాయంత్రం ఆయుధపూజ చేసి, రాత్రంతా పనిముట్లు అమ్మవారి ముందుంచి, మర్నాడు పొద్దున పని మొదలుపెట్టడం వాళ్ళ ఇంటి పద్ధతి. ఆ మొదలుపెట్టేటప్పుడు మీరుండాలి, మీరు పక్కనుంటే నాకు ధైర్యం అంది. దసరా మర్నాడు పొద్దున్నే వెళ్ళాం.

షెడ్డు కళకళలాడుతోంది. గుమ్మానికి మామిడాకులు, బంతిపూలు, లోపల అమ్మవారి పటం, దీపం. బంధువులు, పడవలవాళ్ళు నిండా ఉన్నారు. వెంకటపతి నల్లద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. సుత్తులు, పట్టకార్లు, వెల్డింగు మిషను అన్నిటికీ బొట్లు. మధ్యలో లోతైన ఇత్తడి పళ్ళెంలో మేమిచ్చిన కొత్త మిషను, డిస్కు బిగించే ఉంది. సత్యవతమ్మ వదిన మమ్మల్ని చూసి ఎదురొచ్చి, ఈసారి పూజ ఎంత బాగా చేశానో చూడు తమ్ముడూ అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. పోయినేడాది కొబ్బరినీళ్ళూ పసుపునీళ్ళూ పోసి ఊరుకున్నాం, దిష్టి పోలేదు, ఈసారి పాలు కూడా పోసి అభిషేకం చేశాను అంది. మిషను మోటారుకి నీళ్ళు తగలకుండా ప్లాస్టిక్ కవరు చుట్టి దారంతో కట్టారు. అంత జాగ్రత్త తెలిసిన మనుషులే. డిస్కుకి మాత్రం ఏమీ చుట్టలేదు. ఎందుకు చుడతారు, రాయికి నీళ్ళేం చేస్తాయి? కత్తిపీట నూరుకునే సానరాయికి రోజూ నీళ్ళు చల్లే చెయ్యే కదా అది. డిస్కు సగం దాకా రాత్రంతా ఆ పసుపునీళ్ళలోనే నిలబడి ఉంది.

నేను మా ఆయన మొహం చూశాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మొహం అలా తెల్లబోవడం నేనెప్పుడూ చూళ్ళేదు. పోయినేడాది కూడా డిస్కు ఇలాగే బిగించి పెట్టారా అక్కా అని నెమ్మదిగా అడిగాడు. ఆవిడ గర్వంగా చెప్పింది, ఆ, నా చేత్తోనే పోశాను, రాత్రంతా అమ్మ ముందుంది, పొద్దున్నే అదే డిస్కుతో మీ బావ పని మొదలెట్టాడు అని.

ఈలోపు వాసు కవరు విప్పేశాడు. మిషను పొడిగుడ్డతో తుడిచాడు, మొహానికి తొడుగు దించుకున్నాడు, ప్లగ్గు పెట్టాడు. లంగరు ముక్క బిగించి సిద్ధంగా ఉంది. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. వాడి చెయ్యి స్విచ్చి మీదకి వెళ్తోంది.

"వాసూ, ఆగు," అన్నాడు మా ఆయన.

గట్టిగానే అన్నాడు. అందరూ మావైపు చూస్తున్నారు. పూజ దగ్గర మంచి ముహూర్తంలో ఆగమన్నవాడు ఎవరు, కన్ను తీసిన డిస్కు అమ్మిన సాయిబు. యా అల్లా, ఈ మనిషి ఇప్పుడు నిజం చెప్పేస్తే ఏమైపోతుంది అనుకున్నాను. చెప్పకపోతే ఆ కుర్రాడు ఏమైపోతాడన్నది నాకు అప్పటికింకా సగమే అర్థమైంది.

మా ఆయన ప్లగ్గు పీకాడు. జేబులోంచి పానా తీసి డిస్కు విప్పాడు. దాన్ని రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకుని అమ్మవారి పటం ముందు పెట్టాడు. మా ఆయన రోజూ ఇనగుదురుపేట మసీదులో నమాజు చేసే మనిషి. ఆ కళ్ళకద్దుకోవడంలో వేషం లేదు. ఎదుటివాళ్ళు ప్రాణంగా చూసుకునేదాన్ని తనూ జాగ్రత్తగా పట్టుకున్నాడు, అంతే.

పడవలవాళ్ళలో ఒక పెద్దాయన అదేంటి సాయిబు గారూ, పూజ చేసిందాన్నే పక్కన పెడితే ఎలా, ప్రసాదం తిరిగి మనమే తీసుకోమా అన్నాడు. మా ఆయన ఆయన వైపు తిరగలేదు. సత్యవతమ్మ వదిన వైపే చూశాడు.

"గుమ్మానికి కట్టిన బూడిదగుమ్మడికాయ దించి ఎవరైనా కూరొండుకుంటారా అక్కా? ఇంటి దిష్టంతా అది లాక్కుంటుంది కదా. ఈ డిస్కు కూడా అంతే. అమ్మవారికిచ్చాం, దిష్టంతా ఇది తీసుకుంది. దీంతో పని చేయకూడదు. గుమ్మానికి కట్టండి."

ఆవిడ కాసేపు ఆ డిస్కు వంకా, మొగుడి నల్లద్దాల వంకా చూసింది. పోయినేడాది దాంతోనే కోశాం అని మెల్లిగా అంది. తర్వాత, అందుకా అంది. మా ఆయన అవునని గానీ కాదని గానీ అనలేదు. ఆవిడే కొంగు నడుముకి దోపుకుని, ఎర్రతాడు తెమ్మని, ఆ డిస్కుకి తాడేసి నిమ్మకాయా మిరపకాయలతో కలిపి తనే స్టూలెక్కి గుమ్మానికి కట్టింది. మా ఆయన తన సంచిలోంచి పొడిగా ఉన్న డిస్కు తీసి బిగించాడు. వాసు స్విచ్చి నొక్కాడు. డిస్కు ఒక్క వణుకు లేకుండా తిరిగి ఇనుములోకి దిగింది. రవ్వలు నేల మీదకి పోయాయి. ముక్క తెగి కిందపడ్డప్పుడు వెంకటపతి కుర్చీలోంచి లేచి కొడుకు భుజం మీద చెయ్యేశాడు. నేను కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను, ఎవరైనా అడిగితే పొగ అనేదాన్నే.

ఇంటికొస్తూ బండి మీద అడిగాను. అప్పుడు చెప్పాడు. డిస్కంటే రాయి కాదే, నూకలాంటి గరుకు పలుకుల్ని జిగురుతో అతికించి చేస్తారు. తడి పీల్చుకుంటే జిగురు పట్టు వదులుతుంది. అందులో సగం తడిసి సగం పొడిగా ఉంటే ఒక పక్క బరువు, ఒక పక్క తేలిక. ఆ వేగంలో తిరిగితే ఇంకేముంది, చీలిపోతుంది. ఏడాదిగా వెతుకుతున్నాను, పెరట్లో ఎన్ని కోసినా ఎలా తెలుస్తుంది, మనమెవరమూ డిస్కుని తడపం కదా అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. చూశావా, మన తప్పు కాదు, బండి తిప్పు, ఇప్పుడే వెళ్ళి చెప్పేద్దాం, ఊళ్ళో తలెత్తుకు తిరగొచ్చు అన్నాను. బండి తిప్పలేదు.

"ఆవిడ చేత్తో పోసిన నీళ్ళు నఫీసా," అన్నాడు. "మొగుడి కన్ను తన చేత్తోనే తీసుకున్నానని తెలిస్తే ఆ మనిషి మళ్ళీ దీపం పెట్టగలదా? మొగుడికి అన్నం వడ్డించగలదా?"

మరి మన పరువో అన్నాను. పరువుదేముంది, ఇంకో పదేళ్ళు సరిగ్గా అమ్మితే అదే వస్తుందన్నాడు. నేను ఇంటికొచ్చేదాకా గొణుగుతూనే ఉన్నాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు, అది మన కడుపైతే సరే. ఎవరి కడుపో మనమెందుకు దాచాలని నా బాధ. కానీ ఆయన చెప్పిందానికి ఎదురు చెప్పడానికి నాకు ఒక్క మాట దొరకలేదు. నాకు మాట దొరక్కపోవడం అంటే అది చిన్న విషయం కాదు.

నిజం దాచాడు గానీ జాగ్రత్త దాచలేదు. మరుసటి దసరా దగ్గరపడేసరికి, కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ అరిగిపోయిన పాత డిస్కొకటి ఊరికే ఇవ్వడం మొదలుపెట్టాడు. ఇది పూజకి, కొత్తవి పెట్టెలో పొడిగా ఉంచుకోండి, చెమ్మ తగిలితే పగుల్తాయి అని చెప్పేవాడు. గుడ్లవల్లేరు కాలేజీ పిల్లలు ప్రాజెక్టు పనికి వస్తే వాళ్ళకీ ఇదే చెప్పాడు, నందివాడ చెరువులవాళ్ళకీ ఇదే. గిలకలదిండిలో అయితే షెడ్డు షెడ్డుకీ గుమ్మాన ఒక డిస్కు వేలాడుతోంది. అది తాతల కాలం నుంచీ ఉన్న ఆచారమని మాకే ఒకాయన వివరంగా చెప్పాడు. మా ఆయన శ్రద్ధగా విని, అలాగా అన్నాడు.

కానీ చెమ్మ మాట నలుగురి నోళ్ళలో తిరిగి తిరిగి చేరకూడని చోటికి చేరింది.

ఆ దసరా ఇంకా రాకముందే, ఒక మధ్యాన్నం సత్యవతమ్మ వదిన వచ్చింది. మార్కెట్టు అయిపోయాక ఖాళీ గంపతో వచ్చింది. స్టూలు మీద కూర్చుంది. మొహం చూస్తే నెలల తరబడి నిద్రలేని మనిషిలా ఉంది. మంచినీళ్ళిస్తే తాగలేదు. చివరికి మా ఆయన వైపు తిరిగింది.

"తడి తగిలితే పగుల్తాయంటగా తమ్ముడూ. ఆ రాత్రి నేను పోసిన నీళ్ళే కదా? నిజం చెప్పు. నువ్వు అబద్ధం చెప్పవని నాకు తెలుసు."

కొట్లో ఇంకెవరూ లేరు. నేను బల్ల వెనకాల నిలబడి ఉన్నాను. రెండేళ్ళుగా మా మీదున్న మచ్చ ఒక్క మాటతో పోతుంది. ఆవిడే అడుగుతోంది, మేం వెళ్ళి చెప్పింది కాదు. ఒక్క అవునన్న మాట చాలు. పైగా అది నిజం. మా ఆయన నిజం చెప్తాడనే ఆవిడా అనుకుంది, నేనూ అనుకున్నాను.

ఆయన చేతిలో తుడుస్తున్న మిషను పక్కన పెట్టాడు.

"నీ నీళ్ళు కాదక్కా," అన్నాడు. "ఆ ఏడు వానల్లో మా వెనక గది కారింది. ఒక పెట్టె తడిసింది. ఎండబెట్టి అమ్మేశాను. అందులోదే బావకొచ్చింది. నువ్వడిగిన రోజు చెప్పడానికి ధైర్యం చాల్లేదు. తప్పు నాది."

ఆవిడ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. తర్వాత లేచింది. గంప తీసి నేలకేసి కొట్టింది. ఆ నోరు అప్పుడు లేచింది, రెండేళ్ళుగా హార్బరులో కూడా లేవని నోరు. నమ్మకద్రోహి అంది, నీ చేతులు పడిపోను అంది, నీ కొట్టు మట్టిగొట్టుకుపోను అంది, తమ్ముడని పిలిచిన నోటితో ఇంకా ఏమేమో అంది. రోడ్డు మీద జనం ఆగి చూస్తున్నారు. మా ఆయన తల దించుకుని నిలబడ్డాడు. నేను ఎవరి చేతా ఒక మాట పడే మనిషిని కాదు. నా మొగుణ్ణి అన్నేసి మాటలంటుంటే, అవన్నీ అబద్ధాలని తెలిసుండీ, బల్ల అంచు పట్టుకుని నోరు మూసుకుని నిలబడ్డాను. వేళ్ళు నొప్పి పుట్టేదాకా పట్టుకున్నాను.

తిట్టి తిట్టి గుమ్మం దగ్గర కూలబడింది. అప్పుడు ఏడ్చింది. బిగ్గరగా, పసిపిల్లలా, రొమ్ము బాదుకుంటూ ఏడ్చింది. మొగుడి కన్ను పోయినప్పుడు కూడా ఆవిడ అలా ఏడవలేదని వాసు తర్వాత చెప్పాడు. చాలాసేపటికి తగ్గింది. మొహం తుడుచుకుని, గంప నెత్తినెట్టుకుని లేచింది. వచ్చేటప్పుడు వంగిన నడుముతో వచ్చిన మనిషి, వెళ్ళేటప్పుడు నిటారుగా వెళ్ళింది. మా వైపు తిరిగి చూడలేదు.

మా ఆయన చాలాసేపు ఆ రోడ్డు వైపే చూశాడు. ఇవాళ నిద్రపోతుంది అక్క, అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి ఆయనకిష్టమని సేమ్యా చేశాను. ఆ రోజు పండగా కాదు, పబ్బమూ కాదు. ఆయన కంచంలో పెట్టాను. నీలాంటి మొండిమనిషిని నాకు కట్టబెట్టిన మా అబ్బాజాన్‌ని ఏమనాలి అన్నాను. తిను అన్నాను. అంతకంటే ఎక్కువ మెచ్చుకోవడం నాకు రాదు.

ఆవిడ మళ్ళీ మా కొట్టు గడప తొక్కలేదు. గిలకలదిండి బేరాలు సగం పోయాయి. వాసు మాత్రం మానలేదు, అమ్మకి చెప్పకుండా వస్తాడు. మా అమ్మ ఇప్పుడు బాగా తింటోంది అత్తా, నాన్నని మళ్ళీ సతాయిస్తోంది, వేలంలో అందరి మీదా అరుస్తోంది అని చెప్తాడు. మా ఆయన ఏదో పనిలో ఉన్నట్టు తల తిప్పుకుంటాడు గానీ, ప్రతి మాటా వింటాడు.

ఇది మీకు చెప్పాను గానీ, గిలకలదిండి వైపు వెళ్తే మాత్రం నోరు జారకండి. మీ పిల్లల మీద ఒట్టు.

మొన్న శుక్రవారం మా ఆయన జుమ్మా నమాజుకి వెళ్ళినప్పుడు కొట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. అవనిగడ్డ నుంచి గేట్లూ గ్రిల్సూ చేసే అతనొకడు మొదటిసారి వచ్చాడు. డిస్కుల పెట్టె చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, కాస్త తటపటాయించి అడిగాడు. మీ కొట్లో తడిసిన సరుకు అమ్మి ఎవరిదో కన్ను పోగొట్టారటగా, నిజమేనా అండీ అని. ఇంకో రోజైతే వాడి పని చెప్పేదాన్ని. మా ఆయన దగ్గర లేడు, వద్దనేవాళ్ళు లేరు, నిజం నాలుక చివర ఉంది. గిలకలదిండి నుంచి అవనిగడ్డ దాకా మాటలు ఎలా నడుస్తాయో నాకు తెలుసు, వచ్చిన దారినే వెనక్కి, వదిన చెవి దాకా నడుస్తాయి.

"నిజమేనండీ," అన్నాను. "మా వెనక గది కారింది. తప్పు మాదే."